షెడ్యూల్ వేయడానికే అంత ఖర్చా?

ఇల్లు కడుతున్నారనుకోండి. స్లాబ్ వేశాక సెంట్రింగ్ కొన్నాళ్లు ఉంచాల్సిందే. ఆ రోజుల్లో ప్రహరీ కట్టే మేస్త్రీకి డబుల్ కూలి ఇచ్చినా ఇల్లు ఒక్కరోజు కూడా ముందు పూర్తవదు. మరి ఏ పనిని తొందరపెడితే లాభం?

1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీకి వచ్చిన ప్రశ్న ఇదే. వాళ్ల ఇంజినీర్ మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ గణిత నిపుణుడు జేమ్స్ కెల్లీ కలిసి యూనివాక్ కంప్యూటర్ మీద దారి కనిపెట్టారు. అదే క్రిటికల్ పాత్ మెథడ్. ఏ వరుస పనులు ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో, ముందు వాటిని పట్టుకోవాలి. లూయీవిల్ ప్లాంటులో రిపేర్ల కోసం ఆపే సమయం 125 గంటల నుంచి 93కి దిగింది.

కానీ షెడ్యూల్ ఊరికే రాదు. కంప్యూటర్ టైం బాగా ఖరీదు. ఇంకా కష్టమైంది, ప్రతి పనికీ మామూలుగా చేస్తే ఎంత, తొందరగా చేస్తే ఎంత అని రెండేసి అంచనాలు రాబట్టడం. అందుకే తర్వాత చాలామంది ఖర్చు లెక్క పక్కనపెట్టి, టైం లెక్క మాత్రమే వాడారు.

ఇప్పుడు ఆ లెక్క మీ ఫోన్‌లోనే సెకన్లలో అయిపోతుంది. మేస్త్రీని కూర్చోబెట్టి, ఈ పనికి ముందు ఏది పూర్తవాలి అని అడిగే శ్రమ మాత్రం, నేను చూసినంతలో, అలాగే ఉంది. ముందు అది అడగండి. మళ్లీ కలుద్దాం.