పేరున్న గుడ్డముక్కలు: క్విల్ట్ బ్లాకుల ఇచ్చిపుచ్చుకోలు – ఒక సింహావలోకనం

1840లో అమెరికా జనాభా లెక్కలు తీసినప్పుడు ఇంటికి ఒక్క పేరే రాసుకున్నారు. అది ఇంటి యజమానిది. భార్య, కూతుళ్లు, ముసలి తల్లి వయసులవారీ గళ్లలో అంకెలుగా మిగిలిపోయారు. ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. బానిసలుగా ఉన్నవారి పేర్లకు అప్పుడూ చోటు దక్కలేదు. సరిగ్గా ఆ కాలంలోనే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మేరీలాండ్ ప్రాంతాల ఆడవాళ్లు చదరపు గుడ్డముక్కల మీద పేర్లు రాసి, ఒకరికొకరు ఇచ్చుకుని, వాటన్నిటినీ కలిపి దుప్పట్లుగా కుట్టుకున్నారు. సర్కారు దస్త్రాల్లో కనిపించని పేర్లు ఇవాళ మ్యూజియాల్లో ఆ దుప్పట్ల మీద కనిపిస్తున్నాయి.

క్విల్ట్ బ్లాకుల ఇచ్చిపుచ్చుకోలును తీరికవేళ సరదాగా చూడటం అందరికీ అలవాటు. సరదా అన్న మాట నిజమే. కానీ సుమారు 180 ఏళ్ల ఈ ఆచారాన్ని మొదటి నుంచీ చూసుకుంటూ వస్తే, ఎవరూ లెక్కలో వేసుకోని మనుషులు తమ ఉనికిని తామే నమోదు చేసుకున్న చరిత్ర ఇది అని తెలుస్తుంది.

క్విల్ట్ మన బొంతకు దగ్గరి చుట్టం. పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున మరో గుడ్డ, మూడింటినీ కలిపి పట్టే సన్నటి కుట్లు. పై గుడ్డను ఒకే కొలత గల చదరాలుగా విడివిడిగా కుట్టుకుని చివర్లో కలపడం అమెరికాలో స్థిరపడిన పద్ధతి. ఆ ఒక్కో చదరమే బ్లాక్. అది ఒళ్లో ఇముడుతుంది, కవరులో పడుతుంది. ఎవరింట్లో వాళ్లు కుట్టుకోవచ్చు. ఈ వీలు వల్లే అది చేతులు మారడం మొదలైంది.

మచిలీపట్నం అద్దకంతో మొదలు

ఈ కథ తొలి పుటల్లో మన తీరం ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. చిరివేరు ఎరుపునూ నీలిమందు నీలాన్నీ ఎన్ని ఉతుకులకైనా పోకుండా నూలుగుడ్డకు పట్టించడం కోరమండల్ తీరపు అద్దకపువాళ్లకు చేతనైన విద్య. లతలూ పువ్వులూ వేసిన ఆ గుడ్డలకు యూరప్‌లో గిరాకీ ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్ల బతుకు పోతోందని ఫ్రాన్స్ 1686లోనూ, బ్రిటన్ 1700, 1720 సంవత్సరాల్లోనూ చట్టాలు చేసి వాటిని అడ్డుకోవాలని చూశాయి.

ఖరీదైన సరుకు, పైగా నిషేధం. అందుకే చిన్న ముక్కను కూడా ఎవరూ పారేయలేదు. పువ్వునో పక్షినో అంచు వెంబడి కత్తిరించి సాదా తెల్లగుడ్డ మీద అతికి కుట్టేవారు. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ భవనంలో ఉన్న, 1708 ప్రాంతానిదిగా చెప్పే క్విల్ట్ భారతీయ అద్దకపు గుడ్డ ముక్కలతో తయారైనదే. ఈ అతుకుపని అట్లాంటిక్ దాటి అమెరికా ఇళ్లకూ చేరింది.

అమెరికాలో పరిస్థితిని మార్చింది చవక గుడ్డ. 1793లో వచ్చిన పత్తి గింజలు తీసే యంత్రం, ఆ తర్వాత మసాచుసెట్స్‌లో లోవెల్ పట్టణపు మిల్లులు అచ్చు నూలుగుడ్డను మామూలు ఇళ్లకు అందుబాటులోకి తెచ్చాయి. ఆ పత్తిని ఏరింది దక్షిణాది బానిసల చేతులు. క్విల్ట్ చరిత్ర ఎవరు చెప్పినా ఈ సంగతి దాటవేయకూడదు.

ఆల్బమ్ క్విల్ట్‌ల దశకాలు

1840 నాటికి అక్కడి యువతుల్లో ఆటోగ్రాఫ్ పుస్తకాల మోజు బాగా ఉంది. ఆ మోజు గుడ్డ మీదికి మళ్లడానికి అడ్డుగా ఉన్నది సిరా. ఇళ్లలో కాచుకునే పాత సిరాల్లోని ఇనుము గుడ్డను తినేసేది, రాసిన చోటే చిల్లు పడేది. 1830లలో ఉతికినా చెరగని, గుడ్డను పాడుచేయని సిరాలు బజారులోకి రావడంతో ఆ బెడద తీరింది.

ఆ రోజుల్లో బాగా వ్యాపించిన ఆల్బమ్ ప్యాచ్ అనే బ్లాకును దగ్గరగా చూస్తే ఆలోచన ఎంత చక్కనిదో తెలుస్తుంది. చుట్టూ ఎర్రటి, గోధుమరంగు అచ్చుగుడ్డ పట్టీలు ఏటవాలుగా పరుచుకుని ఉంటాయి. నడుమ తెల్లగుడ్డను ఖాళీగా వదిలేస్తారు. ఆ తెలుపు పేరు కోసం. పేరు, ఊరు, తేదీ, ఒక్కోసారి దీవెన లాంటి రెండు ముక్కలు. చాలా క్విల్ట్‌ల మీద దస్తూరీ ఒకరిదే ఉంటుంది. ఊళ్లో అందంగా రాసే మనిషి చేత అందరి పేర్లూ రాయించుకునేవారు.

మేరీలాండ్‌లోని బాల్టిమోర్ నగరంలో 1840ల నడుమ నుంచి పదేళ్ల పాటు ఈ కళ శిఖరం తాకింది. పూలబుట్టలు, దండలు, ఓడలు, నగరంలోని కట్టడాలు, అన్నీ చిన్న చిన్న ముక్కల అతుకుపనితో చదరాల్లోకి వచ్చాయి. వాటిలో చాలావరకు మెథడిస్టు చర్చి బృందాలు కలిసి కుట్టి తమ పాదిరీకో, పెద్దకో కానుకగా ఇచ్చినవి. అవే ఏళ్లలో వేలాది కుటుంబాలు బండ్లు కట్టుకుని పడమరకు, ఒరెగాన్ వైపు తరలిపోయాయి. వెళ్లేవాళ్లు మళ్లీ కనబడతారన్న ఆశ లేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు తలా ఒక బ్లాక్ కుట్టి, పేర్లు రాసి, చేతిలో పెట్టి సాగనంపారు.

టపా దారిలో

ముఖపరిచయం లేనివాళ్ల మధ్య కూడా ఈ మార్పిడి సాగుతుందని 1856లోనే ఒక పదిహేడేళ్ల అమ్మాయి చూపించింది. రోడ్ ఐలాండ్‌కు చెందిన ఆడలైన్ హారిస్ చిన్న తెల్లని పట్టు ముక్కలను టపాలో ప్రముఖులకు పంపి, సంతకం చేసి తిప్పి పంపమని కోరింది. అబ్రహాం లింకన్, చార్లెస్ డికెన్స్, ఎమర్సన్ వంటివారు చేసి పంపారు. ఏళ్ల తరబడి సాగిన ఆ పని 360 సంతకాల క్విల్ట్‌గా పూర్తయింది. అది ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

తర్వాత టపా పల్లెలకూ పాకింది. 1896లో పల్లె ఇళ్లకు ఉచితంగా ఉత్తరాలు చేరవేయడం, 1913 జనవరి 1న పార్సెల్ పోస్టు మొదలయ్యాయి. పొలాల మధ్య ఒంటరి ఇంట్లో ఉన్న గృహిణికి ఇవి పెద్ద అండ అయ్యాయి. 1928లో కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక క్విల్ట్ నమూనాలు అచ్చువేయడం మొదలుపెట్టి, 1961 దాకా వెయ్యికి పైగా ప్రచురించింది. వాటిలో చాలా నమూనాలు పాఠకులు పంపినవే. పత్రిక కత్తిరింపులు ఉత్తరాల్లో చేతులు మారేవి. ప్రతి కొత్త సాధనం వచ్చినప్పుడూ ఇక చేతిపని కథ ముగిసిందని అనుకున్నవారున్నారు. టపా, పత్రిక, కుట్టుమిషను, మూడూ ఈ ఇచ్చిపుచ్చుకోలు పరిధిని పెంచాయే గాని తగ్గించలేదు.

యుద్ధం, కరువు, పోటీ

మొదటి ప్రపంచయుద్ధంలో పేరు రాయడమే చందాగా మారింది. 1917 డిసెంబరులో మోడర్న్ ప్రిసిల్లా అనే పత్రిక రెడ్‌క్రాస్ కోసం ఒక నమూనా ఇచ్చింది. కొద్ది సెంట్లు ఇచ్చినవారి పేరును ఎర్రదారంతో బ్లాకు మీద కుడతారు. పూర్తయిన క్విల్ట్‌ను వేలం వేస్తారు. ఊళ్లకు ఊళ్లు ఈ పని అందుకున్నాయి. ఆ క్విల్ట్‌లు ఇవాళ ఆయా ఊళ్ల చరిత్రకు ఆధారాలు.

1930ల ఆర్థిక మాంద్యపు కరువు కాలంలో పిండి, దాణా కంపెనీలు పువ్వుల అచ్చు ఉన్న సంచుల్లో సరుకు అమ్మాయి. ఒక గౌనుకు అదే అచ్చు సంచులు మూడు కావాలి. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్లు సంచులు మార్చుకునేవారు. మిగిలిన పేలికలు బ్లాకులయ్యేవి.

ఆ రోజుల్లోనే ఈ చరిత్రలో ఒక చేదు ఘట్టమూ ఉంది. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా సియర్స్ సంస్థ క్విల్ట్ పోటీ పెడితే 24 వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. మొదటి బహుమతి, అదనపు మొత్తంతో కలిపి 1,200 డాలర్లు. కరువు కాలంలో అది ఒక కుటుంబం బతుకు మారిపోయేంత సొమ్ము. అందుకున్న ఆవిడ ఆ క్విల్ట్‌లో ఒక్క కుట్టూ వేయలేదని, కుట్టిన స్త్రీలకు కూలి తప్ప ఏమీ ముట్టలేదని తర్వాతి కాలంలో బయటపడింది. ఇచ్చిపుచ్చుకోలులో ప్రతి చేతికీ పేరు దక్కుతుంది. పోటీలో పేరు ఒక్కరికే దక్కింది, అదీ కుట్టని మనిషికి.

చాంగి జైలులో 66 చదరాలు

పేరున్న గుడ్డముక్క విలువ ఏపాటిదో తెలియాలంటే సింగపూర్‌కు వెళ్లాలి. 1942 ఫిబ్రవరిలో ఆ నగరం జపాన్ సైన్యం వశమైంది. యూరోపియన్ పౌరులను చాంగి జైలులో పెట్టి, ఆడవాళ్లనూ మగవాళ్లనూ వేరు చేశారు. భర్త, తండ్రి, కొడుకు బతికున్నారో లేదో తెలియదు. ఉత్తరం పంపే దారి లేదు. కెనడాకు చెందిన ఎథెల్ మల్వనీ అనే ఖైదీ చొరవతో ఆడవాళ్లు తలా ఒక తెల్లగుడ్డ చదరం తీసుకుని, తమకు తోచిన బొమ్మ, దానితో తమ పేరు కుట్టారు. ఒకరు జైలు గది కుడితే, మరొకరు పువ్వులు కుట్టారు. 66 చదరాల చొప్పున మూడు క్విల్ట్‌లు తయారయ్యాయి. గాయపడిన సైనికుల ఆసుపత్రికి ఇస్తున్నామని చెప్పి, అధికారులు కాదనకుండా ఒకదాన్ని జపాన్ క్షతగాత్రుల కోసమని ప్రకటించారు. అలా ఆ గుడ్డలు గోడ దాటాయి. పేర్లు చూసినవాళ్లకు తమవాళ్లు ప్రాణాలతో ఉన్నారని తెలిసింది. ఆ మూడూ నేటికీ ఉన్నాయి. రెండు ఆస్ట్రేలియా యుద్ధ స్మారక మ్యూజియంలో, ఒకటి బ్రిటిష్ రెడ్‌క్రాస్ వద్ద.

మళ్లీ చిగురించిన కాలం

రెండో యుద్ధం తర్వాత రెడీమేడ్ దుప్పట్లు వచ్చి క్విల్ట్ వెనుకబడింది. అయినా ఉత్తరాల ద్వారా నమూనాలు మార్చుకునే చిన్న బృందాలు దాన్ని బతికించాయి. 1969లో బానీ లెమన్ కొలరాడోలో క్విల్టర్స్ న్యూస్‌లెటర్ పత్రిక పెట్టారు. 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం పాత క్విల్ట్‌లను చిత్రాల్లా గోడకు వేలాడదీసింది. వాటికి కళాగౌరవం దక్కింది. కానీ చాలావాటిని కుట్టింది ఎవరో ఎవరికీ తెలియదు. ఆ లోటు తీర్చడానికి 1981లో కెంటకీలో మొదలైన నమోదు ఉద్యమం ఇతర రాష్ట్రాలకు పాకింది. జనం ఇంట్లోని క్విల్ట్‌లు తెస్తే, కుట్టినవారి పేరు, ఊరు, కాలం రాసుకుని ఫొటోలు తీశారు. అలబామాలోని జీస్ బెండ్ పల్లెలో నల్లజాతి స్త్రీలు తరాలుగా కుడుతున్న క్విల్ట్‌లు 2002లో మ్యూజియం ప్రదర్శనకు వచ్చినప్పుడు కుట్టినవారి పేర్లతోనే వచ్చాయి.

1979లో జపాన్ సంస్థ ఓల్ఫా తెచ్చిన చక్రపు కత్తితో గుడ్డను పొరలు పొరలుగా, నూలుపోగు తేడా లేకుండా కోయడం సులువైంది. అభిరుచి బృందాల మధ్య మార్పిడి మరింత ఊపందుకుంది. నియమాలు స్థిరపడ్డాయి. అంచున కుట్టుకు పావు అంగుళం వదలాలి. పూర్తయ్యాక 12 అంగుళాలు రావాలంటే బ్లాకును పన్నెండున్నర అంగుళాలకు కుట్టాలి. గుడ్డ అచ్చంగా నూలుదే కావాలి. గడువు దాటకూడదు. ఒక బృందంలో 12 మంది ఉంటే నెలకొకరు రంగులు చెబుతారు, మిగతావారు కుట్టి పంపుతారు. ఏడాది తిరిగేసరికి అందరి ఇళ్లలోనూ అందరి చేతిపనీ ఉంటుంది. పావు అంగుళంలో నూలుపోగంత తేడా వచ్చినా ఒక బ్లాక్ పక్కదానితో కుదరదు. అవతలి మనిషి మీద గౌరవం ఉన్నవాళ్లే ఆ పావు అంగుళం జాగ్రత్తగా పాటిస్తారు.

1987 అక్టోబరు 11న వాషింగ్టన్ మైదానంలో ఎయిడ్స్ స్మారక క్విల్ట్ పరిచారు. క్లీవ్ జోన్స్ ఆలోచన అది. ఒక్కో ఫలకం మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, సమాధి కొలత. దాని మీద చనిపోయిన మనిషి పేరు. ఆ రోజు 1,920 ఫలకాలు పరిచారు, ఇప్పుడు సుమారు 50 వేలు. సమాజం బయటికి పలకడానికి జంకిన పేర్లను అయినవాళ్లు పెద్ద అక్షరాలతో కుట్టారు. 1840ల ఆల్బమ్ క్విల్ట్‌కు ఇది నిజమైన వారసురాలు.

మన బొంతల మాట

ఇంత దూరం నడిచి వెనక్కి చూస్తే ఒక తీర్పు స్పష్టంగా కనబడుతుంది. నైపుణ్యంలో గొప్పవైన క్విల్ట్‌లు ఎన్నో ఉన్నాయి. చరిత్రకు సాక్ష్యంగా నిలిచినవి మాత్రం పేరున్నవి. సిరాతో రాసిన అక్షరం, ఎర్రదారపు కుట్టు, ఇవే పనితనాన్ని మనిషితో ముడిపెట్టాయి.

ఈ మాట మనకూ తగులుతుంది. తెలుగు ఇళ్లలో పాత చీరలూ పంచెలూ పరిచి, అంచులు మడిచి, మధ్యాహ్నాలు నలుగురు చుట్టూ కూర్చుని కుట్టిన బొంతల మీద పిల్లలు పెరిగారు. ఏ బొంత ఎవరి చేతి కుట్టో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఆ పనితనం ఏ మ్యూజియం నాణ్యతకూ తీసిపోదు. లేనిదల్లా పేరు.

మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ కుట్టిన బొంత ఉంటే అరచేతంత తెల్లగుడ్డ మీద ఆమె పేరు, ఊరు, తెలిసినంతవరకు సంవత్సరం దారంతో కుట్టి, వెనక ఒక మూల అతకండి. మీరే బ్లాకులు కుట్టి స్నేహితులతో మార్చుకుంటున్నవారైతే, పేరు లేకుండా ఒక్క ముక్కనూ చెయ్యి దాటనివ్వకండి.