నెరవేరని మాటకు ఎవరు జవాబుదారీ? మెట్‌పల్లి ప్రాంత క్రైస్తవ సమాజంలో కృపావరాల వాదం, ప్రవచనాల నెరవేర్పు

పెంతెకొస్తు పండుగనాడు యెరూషలేములో శిష్యులు రకరకాల భాషల్లో మాట్లాడుతుంటే, విన్నవాళ్లలో కొందరు వీళ్లు తాగి ఉన్నారని ఎగతాళి చేశారు. పేతురు లేచి, ఇది మద్యం మత్తు కాదు, యోవేలు ప్రవక్త ముందే చెప్పిన ఆత్మ కుమ్మరింపు అని జవాబిచ్చాడు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలోని ఈ ఘట్టంలో కృపావరాలూ ప్రవచన నెరవేర్పూ ఒకే ముడిలో ఉన్నాయి. తెలుగు క్రైస్తవ చర్చల్లో మాత్రం ఆ ముడి విప్పేసి వాదించడం అలవాటైంది. భాషల వరం, స్వస్థత వరం నేటికీ ఉన్నాయా అన్నది ఒక వాదం. దానియేలు, ప్రకటన గ్రంథాలు చెప్పినవాటిలో ఎన్ని జరిగాయన్నది మరో వాదం. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాన్ని ముందుంచుకుని చూస్తే రెండూ ఒకే ప్రశ్న దగ్గర చిక్కుకున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది: దేవుని పేరున పలికిన మాట నెరవేరకపోతే ఎవరు జవాబు చెప్పాలి?

కోస్తాతో పోలిస్తే ఈ ప్రాంతానికి క్రైస్తవం వచ్చిన దారి వేరు. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో నిజాం రాజ్యంలో పని మొదలుపెట్టిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ మెదక్, కరీంనగర్, నిజామాబాద్ వైపు విస్తరించింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు ఆ సంఘాలు అందులో కలిశాయి. 1978లో కరీంనగర్ డయాసిస్ వచ్చింది. ఇక్కడ సీఎస్ఐలో పుట్టి పెరిగినవాళ్లు పెంతెకొస్తు కూటాలకు వెళ్తే, మన పెద్దలది కాని బోధ వెంట పడ్డారన్న నింద వినిపిస్తుంది. ఆ నింద వేసేవాళ్లు జాన్ వెస్లీని ఒకసారి చదవాలి. 'మరింత శ్రేష్ఠమైన మార్గం' గురించి చేసిన ప్రసంగంలో ఆయన, కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలం తర్వాత అసాధారణ వరాలు అరుదైపోవడానికి కారణం క్రైస్తవుల్లో ప్రేమ చల్లారడమేనన్నాడు. దేవుడు వరాలకు గడువు పెట్టాడని ఆయన అనలేదు, తప్పు సంఘానిదన్నాడు. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో ఎగసిన పెంతెకొస్తు ఉద్యమానికి వెస్లీ వారసులైన పరిశుద్ధతా బోధకులే పునాది వేశారు. అంతకు ముందటేడే, 1905లో, మహారాష్ట్రలోని కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో ఉజ్జీవం వచ్చింది. కాబట్టి మెట్‌పల్లి వైపు మెథడిస్టు వారసత్వానికి వరాల బోధ పరాయి సరుకు కాదు.

స్వస్థత మాటకొస్తే ఈ నేలకు మరో జ్ఞాపకం ఉంది. మెట్‌పల్లి నుంచి ఆర్మూరు మీదుగా నిజామాబాద్ చేరి, దాన్ని దాటితే డిచ్‌పల్లి. వెస్లియన్ మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ అక్కడ 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి స్థాపించారు. రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళమిచ్చారు. ఊరు వెలివేసిన మనిషికి చాల్‌మోగ్రా జాతి నూనెతో చేసిన సూదిమందు వేసి, పక్కనే కూర్చుని ప్రార్థన చేసిన చోటది. అక్కడ మందుకూ ప్రార్థనకూ పోటీ లేదు. ఈ చరిత్ర ఉన్న ప్రాంతంలో, మాత్ర మింగితే విశ్వాసం లేనట్టే అని ఎవరైనా బోధిస్తే అది పూర్వీకుల సాక్ష్యాన్ని తుడిచేయడమే. ఈ విషయంలో మెతకగా రాయడం నాకు చేతకాదు, ఎందుకంటే షుగరు మాత్రలు మానేసిన మనిషి ప్రాణం వాదం తేలేదాకా ఆగదు.

కోస్తాలో కథ వేరుగా నడిచింది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపుతో 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గోదావరి డెల్టాలో సహోదరుల (బ్రెద్రెన్) సంఘాలకు బీజం వేశారు. సంఘం ముందు ఎత్తబడుతుంది, తర్వాత ఏడేండ్ల శ్రమ, ఆపైన వెయ్యేండ్ల పాలన అనే కాలపట్టిక ఆ సహోదరుల ఉద్యమంలోనే, జె.ఎన్. డార్బీ చేతిలో రూపుదిద్దుకుంది. 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు వ్యాఖ్యలు దాన్ని లోకమంతా తిప్పాయి. ఈ వర్గం బోధలో భాషల వరం అపొస్తలులతోనే ఆగిపోయింది. తర్వాత కేరళ నుంచి వచ్చిన పి.ఎం. శామ్యూల్ వంటివారి పనితో పెంతెకొస్తు సంఘాలు పెరిగాయి. ఇండియన్ పెంతెకొస్తు చర్చి 1935లో ఏలూరులోనే రిజిస్టరైంది. వీరు వరాల మీద సహోదరులతో తలపడ్డారు గానీ, రాకడ పట్టికను మాత్రం దాదాపు యథాతథంగా తీసుకున్నారు.

అసలు చిక్కు ఇక్కడుంది. డార్బీ పట్టిక ప్రకారం ఇశ్రాయేలుకు చెప్పిన ప్రవచనాలు సంఘకాలంలో నెరవేరవు. ఆ లెక్కన యోవేలు మాట పూర్తి నెరవేర్పు ఇంకా ముందే ఉంది. పెంతెకొస్తు బోధకు ఆధారమేమో యోవేలు మాట ఆనాడే నెరవేరిందని, ఇప్పటికీ నెరవేరుతూనే ఉందని. ఉదయం ఆరాధనలో నెరవేరిందని చెప్పిన ప్రవచనాన్ని సాయంత్రం రాకడ ప్రసంగంలో భవిష్యత్తుకు నెట్టడం మన ప్రసంగ వేదికల మీద సాధారణం. ఈ అతుకు సరిగ్గా అతకలేదని తెలుగులో గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

లూథరన్ సంఘంలో పనిచేసి, 1938లో బైబిలు మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు ఈ తగవును ఇంకో వైపు నుంచి అందుకున్నారు. సన్నిధిలో కనిపెట్టి, ఏ బోధ సరైనదో దేవుణ్ణే అడగమన్నారు. దర్శనం, స్వప్నం, స్వస్థత, రాకడకు సిద్ధపాటు ఆయన బోధలో ఒకే బట్టలోని పడుగూ పేకా. పి. సాల్మన్ రాజు 1986లో వెలువరించిన అధ్యయనం ఈ ఉద్యమాన్ని జానపద క్రైస్తవంగా చూసింది. ఆ చూపు విలువైనది. ఏ కొత్త సంగతి జరిగినా వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంలో ముందే ఉందనుకునే సమాజం, బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ ముందు చేతులు కట్టుకునే సమాజం, ప్రవచన వరాన్ని వింతగా చూడదు. అయితే రంగంలో కూడా జనం ఎదురు ప్రశ్నలు వేస్తారు. ప్రార్థన కూటంలో ఆ చనువు కనిపించడం లేదు.

కూటం అంటే ఈ ప్రాంతంలో ఎక్కువసార్లు ఒక ఇంటి ముందుగదే. బీడీలు చుట్టే స్త్రీ తునికాకు, జర్దా ఉన్న చాటను గోడవారకు జరిపి, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంటుంది. కొడుకు గల్ఫ్ వీసా కోసం ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టింది. ప్రార్థన తారస్థాయికి చేరినప్పుడు మాట వస్తుంది: "అమ్మా, నీ కొడుక్కు ద్వారం తెరుస్తనని ప్రభువు చెప్తున్నడు." వీసా వస్తే అది వచ్చే ఆదివారం సాక్ష్యం. రాకపోతే వినిపించేది "నీ విశ్వాసం తక్కువైంది" అన్న మాటే. అప్పు ఆమెదే, వడ్డీ ఆమెదే, చివరికి తప్పూ ఆమె మీదికే వచ్చింది.

పెద్ద ప్రవచనాల లెక్కలోనూ జరుగుతున్నది ఇదే. 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడింది, ఒక తరంలోపు రాకడ, తరం అంటే నలభై ఏండ్లు అన్న లెక్కను హాల్ లిండ్సే 1970 నాటి పుస్తకం ముందుకు తెచ్చింది. 1988 గడిచింది, తరం పొడవు మారింది. రాకడ 2011 మే 21న అని అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ రోజు పెట్టాడు. మలాకీ చెప్పిన ఏలీయా అమెరికా బోధకుడు విలియం బ్రన్హామే అని నమ్మే సంఘాలు తెలుగు జిల్లాల్లోనూ ఉన్నాయి. బార్‌కోడు, ఆధార్, టీకా ఒకదాని తర్వాత ఒకటి ప్రకటన గ్రంథంలోని 666 ముద్ర అయ్యాయి. ఏది తప్పినా చెప్పినవారు సంఘం ముందు నిలబడి "పొరబడ్డాను" అనడం అరుదు. వీసా మాటకూ రాకడ తేదీకీ తేడా పరిమాణంలోనే.

వాక్యం మాత్రం భారాన్ని చెప్పినవాడి మీదే పెట్టింది. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం జరగని మాటను యెహోవా మాట కాదంటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం, ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు దాన్ని వివేచించాలంటుంది. వరాలు ఆగిపోయాయనేవారికి పరీక్షించడానికి ఏమీ మిగలలేదు. వరాలు ఉన్నాయనేవారిలో పరీక్షించడమంటే ఆత్మను ఆర్పడమన్న భయం పాతుకుపోయింది. థెస్సలొనీకయులకు రాస్తూ పౌలు ఆత్మను ఆర్పవద్దనీ, సమస్తాన్నీ పరీక్షించాలనీ వెంటవెంటనే చెప్పాడు. రెండు పక్షాలూ చెరో సగం పంచుకున్నాయి.

పాశ్చాత్య పండితులు దీని మీద అపొస్తలుల కార్యముల్లోని అగబు ప్రవక్తను సాక్షిగా పిలిచారు. రిచర్డ్ గాఫిన్ దృష్టిలో కొత్త నిబంధన ప్రవచనం అపొస్తలుల పునాదిలో భాగం, పునాది పడ్డాక అది ఆగింది. వేన్ గ్రూడెం ప్రకారం సంఘంలోని ప్రవచనం పొరబడే వీలున్న మాట: యూదులు పౌలును కట్టి అన్యులకు అప్పగిస్తారని అగబు చెప్పాడు, తీరా సంకెళ్లు వేసింది రోమీయులు. గ్రూడెం వాదనలో అగబును తగ్గించిన తీరును నేను ఒప్పుకోను, లూకా అతన్ని తప్పుపట్టలేదు. కానీ నేటి ప్రవచనం పొరబడవచ్చని ఒప్పుకుంటే, అలా మాట్లాడేవారు "ప్రభువు సెలవిస్తున్నాడు" అన్న ముద్ర వేయడం మానాలి. గ్రూడెం కోరింది కూడా అదే. మెట్‌పల్లి కూటాల్లో ఆ ముద్రే మాటకు బలం.

అగబు మొదటి ప్రవచనం దగ్గర మన పని తేలిక. కరవు వస్తుందని అతను అంతియొకయలో చెప్పాడు. క్లౌదియ కాలంలో అది వచ్చిందని లూకా నమోదు చేశాడు. ఆ మాట విన్న శిష్యులు ఎవరి శక్తికొద్దీ వాళ్లు చందా వేసి, బర్నబా, సౌలుల చేత యూదయకు పంపారు. మాట నమ్మిన సంఘం దాని ఖర్చునూ మోసింది. ఇక్కడి సంఘాల్లో జనాభా, బాప్తిస్మాల, పెళ్లిళ్ల రిజిస్టర్లు ఉంటాయి. కూటంలో వచ్చిన ప్రతి ప్రవచనాన్నీ తేదీ వేసి అలాంటి పుస్తకంలోనే రాసి, ఏడాది చివర పెద్దలు సంఘం ముందు చదవాలి. నెరవేరనిదాన్ని నెరవేరలేదని చెప్పాలి. వీసా వస్తుందని చెప్పి రాకపోయిన ఇంటి అప్పులో సంఘం కొంత తీర్చాలి.