సంతకం నాది కాదంటే: చేతిరాత నిపుణుడి సాక్ష్యం

వివాద పత్రం. అంటే దొంగ పత్రమని కాదు, ఒక పక్షం కాదన్న పత్రమని మాత్రమే. ప్రామిసరీ నోటు మీది సంతకం తనది కాదని ప్రతివాది అనగానే అది వివాద సంతకం. దొంగదో కాదో తేలేది తీర్పులోనే. నిపుణుడికి అసలు నోటే పంపాలి. జిరాక్సులో అక్షరాల ఆకారం కనబడుతుంది గాని కలం ఒత్తిడి, మధ్యలో కలం ఎత్తిన జాడ, గీతలో వణుకు సరిగా తెలియవు. ఫోర్జరీ ఎక్కువగా పట్టుబడేది వాటి దగ్గరే. ఆకారాన్ని చూసి దించవచ్చు, అలవాటు పడ్డ చేతి వేగాన్ని దించడం కష్టం.

ఒప్పుకున్న సంతకం. అంటే తనదేనని ప్రతివాది అంగీకరించినది, లేదా అతనిదేనని రుజువైనది. పోలికకు ఇదే కొలత. దావా పడ్డాక వకాలతు మీద చేసిన సంతకం ఇందుకు పనికిరాదని చాలామంది గ్రహించరు: అప్పటికే జాగ్రత్తపడి తీరు మార్చి ఉండవచ్చు. నోటు తేదీకి దగ్గర కాలంలో బ్యాంకులోనో రిజిస్ట్రారు ఆఫీసులోనో చేసినవి కావాలి. అవీ అనేకం కావాలి. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం చేయడు; రెండు సంతకాలు గీత మీద గీతగా సరిపోతే ఒకటి అద్దకమని అనుమానించాలి.

సిరా వయసు. దీని మీద ఆశలెక్కువ. సిరా తయారైన కాలం వేరు, దానితో రాసిన కాలం వేరు. పాత కలంతో నిన్న కూడా రాయవచ్చు.

అభిప్రాయం. నిపుణుడు చెప్పేది ఇదే, తీర్పు కాదు. పాత ఎవిడెన్స్ యాక్టులో 45వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్ దానికి చోటిచ్చాయి. నిపుణుడి మాటను మరో సాక్ష్యం బలపరచకపోతే నమ్మకూడదన్న వాదన కోర్టుల్లో ఇప్పటికీ వినబడుతుంది. మురారీలాల్ కేసులో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి దీన్ని విడమరిచారు: అలాంటి చట్ట నియమమేదీ లేదు, నిపుణుడు నేరంలో భాగస్వామి వంటివాడు కాడు. అయితే చేతిరాత శాస్త్రం వేలిముద్రల శాస్త్రమంత పక్కాది కాదు గనుక జాగ్రత్త అవసరం. జాగ్రత్త అంటే నిపుణుడు చూపిన కారణాలను పరీక్షించడం. కారణాలు లేని నివేదికకు, అది ఏ ప్రయోగశాల నుంచి వచ్చినా, నా దృష్టిలో విలువ లేదు.

స్వయంగా పోల్చడం. జడ్జి కూడా పోల్చవచ్చు. పాత 73, ఇప్పటి 72వ సెక్షన్ అందుకే ఉంది. తన కంటినే ఆధారం చేసుకుని తేల్చేయడం వివేకం కాదని పాలీరాం కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. నిపుణుడే లేనప్పుడు మాత్రం ఆ బాధ్యత జడ్జికి తప్పదని మురారీలాల్ తీర్పు అంటుంది. రెండింటికీ వైరుధ్యం లేదు: ఒకటి తొందరను వారిస్తుంది, మరొకటి తప్పించుకోవడాన్ని.

రుజువు. సంతకం ప్రతివాదిదేనని తేలితే తేలింది అంతే. నోటుకు ప్రతిఫలం ముట్టిందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టు 118వ సెక్షన్ అనుకోమంటుంది, కాదని చూపే అవకాశం ప్రతివాదికి ఇస్తూనే. సంతకం నాదే, డబ్బు ముట్టలేదు అన్న ప్రతివాది కేసులో నిపుణుడికి పనిలేదు. అక్కడ తూచవలసింది సాక్షుల మాటను, లెక్క పుస్తకాలను.