డిచ్‌పల్లి విక్టోరియా ఆసుపత్రి

విక్టోరియా ఆసుపత్రి నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో స్థాపించబడిన క్రైస్తవ మిషను కుష్ఠు చికిత్సాలయము. నిజామాబాదు జిల్లా పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలకు పొరుగు జిల్లా.

చరిత్ర

స్కాట్లాండుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్ (1875–1932), భర్త జార్జి కెర్‌తో కలసి 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చినది. వీరు వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందినవారు. హిందువైన రాజా నర్సాగౌడ్ విరాళముతో ఆసుపత్రి నిర్మాణము సాధ్యమైనది. ఈమెకు 1923లో కైసర్-ఇ-హింద్ పతకము లభించినది.

భయము, విశ్వాసము

ఆ రోజులలో కుష్ఠు సోకినవారు ఇంటికి, ఊరికి దూరమయ్యేవారు. వ్యాధి బాధకంటె వెలివేత మిగిల్చిన భయము లోతైనది; నలుగురిలోకి వచ్చుటకే రోగి జంకేవాడు. మార్కు సువార్త మొదటి అధ్యాయములో యేసు కుష్ఠురోగిని చేయి చాపి ముట్టి, ఆ పిమ్మట స్వస్థపరచినట్లు ఉన్నది. అనగా స్వస్థతకు ముందే స్పర్శ కలదు. క్రైస్తవ కుష్ఠుసేవకు ఈ ఘట్టము ఆధారము. ఎవరూ ముట్టని మనిషిని ముట్టి కట్టు కట్టుట, తాను శాపగ్రస్తుడను కాననే ధైర్యమును రోగికి ఇచ్చును.

అయితే ఇక్కడ విశ్వాసము మందుకు ప్రత్యామ్నాయము కాలేదు. 1920లలో చాల్‌మోగ్రా వర్గపు నూనె ఇంజెక్షన్లతో చికిత్స జరిగినది.

తరువాతి కాలము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసినది. దీనితో కుష్ఠు పూర్తిగా నయమగును. అయినను, విడాకులకు కుష్ఠును కారణముగా చూపు నిబంధన భారతీయ వ్యక్తిగత చట్టాలనుండి 2019లో మాత్రమే తొలగినది. వ్యాధికి మందు దొరికిన చాలా కాలమునకు గాని చట్టము ఆ భయమును వీడలేదు.