నది దాటని ధ్రువపత్రం: గొత్తికోయ కూలీల కూతుళ్లు, న్యాయవిద్య

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్, దంతెవాడ జిల్లాల నుంచి వచ్చి గోదావరికి ఇవతలి అడవుల్లో గుడిసెలు వేసుకున్న మురియా, మాడియా ఆదివాసులను తెలంగాణలో గొత్తికోయలు అని పిలుస్తారు. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో మిర్చి ఏరే పనికి వీరు పెద్ద ఆధారం. ఈ కుటుంబాల్లో పుట్టిన ఆడపిల్ల వకీలు కావాలనుకుంటే ఆమె ముందు గట్టెక్కవలసింది న్యాయ కళాశాలల ప్రవేశపరీక్ష అయిన లాసెట్ కాదనీ, కుల ధ్రువీకరణ పత్రమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వలసలో రెండు పాయలున్నాయి. ఒకటి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మేస్త్రి వెంట గుంపుగా వచ్చి, కాయ కోత ముగియగానే తిరిగిపోయే కాలానుగుణ వలస. రెండోది, 2005లో సల్వాజుడుం పేరిట మావోయిస్టు వ్యతిరేక దళాలు మొదలయ్యాక, ఊళ్లు తగలబడి, ఇరుపక్షాల నడుమ నలిగిపోయి, మళ్లీ వెళ్లలేక ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాల వలస. సాయుధ పౌరులను ప్రత్యేక పోలీసులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది గాని, అప్పటికే నది దాటినవారి స్థితి ఏమిటన్నది ఆ తీర్పు పరిధిలోని ప్రశ్న కాదు. మొదటి పాయ ఎంత పెళుసైనదో 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ చూపింది. ములుగు జిల్లా పేరూరు మిర్చి చేలలో పనిచేసిన 12 ఏళ్ల బీజాపూర్ బాలిక ఇంటికి కాలినడకన బయలుదేరి, ఊరు ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉందనగా ప్రాణం విడిచింది. బడిలో ఉండవలసిన వయసులో ఆమె కల్లంలో ఉందన్న విషయం చావు వార్తలో చిన్న వివరంగా మిగిలింది.

రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటిగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో గిరిజనుడైనవాడు మరో రాష్ట్రానికి వలస వెళితే ఆ హోదా అతని వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. విచిత్రమేమంటే ఆ పిటిషనరు తెనాలి నుంచి బొంబాయి వెళ్లిన తెలుగువాడే. తెలుగువాడి వలస మీద వచ్చిన తీర్పే నేడు తెలుగునేలకు వచ్చిన వలసవారికీ వర్తిస్తోంది. తెలంగాణ జాబితాలో కోయ పద్దు కింద గుట్టకోయ అన్న పేరు కనిపించినా, సరిహద్దు దాటి వచ్చినవారు ఆ పేరులోకి వస్తారని అధికారులు ఒప్పుకోరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టానిదీ ఇదే తీరు. 2005 డిసెంబరు 13కు ముందునుంచి అడవి భూమి సాగులో ఉండాలన్న షరతు వల్ల, ఆ ఏడాది జూన్ తర్వాత సల్వాజుడుం వల్ల మొదలైన పరుగు చాలావరకు గడువు తేదీకి ఆవలే పడింది. పత్రం లేని ఇంట్లో పట్టా లేదు, ఉపకార వేతనం లేదు, కేటాయింపు సీటూ లేదు.

ఈ సందర్భంలో ములుగు మండలం జగ్గన్నపేటకు చెందిన కోయ మహిళ దనసరి అనసూయ, అంటే సీతక్క, జీవితం పోల్చి చూడదగినది. సాయుధ ఉద్యమం వదిలి బయటికి వచ్చి, న్యాయశాస్త్రం చదివి, వరంగల్‌లో న్యాయవాదిగా పనిచేసి, 2009లో ములుగు నుంచి శాసనసభకు ఎన్నికై, 2023 డిసెంబరులో మంత్రి అయిన ఆమె, 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన పరిశోధనకు ఎంచుకున్న విషయం గొత్తికోయల సామాజిక వెలివేతే. ఆమె పట్టుదలను తక్కువ చేయకుండానే ఒక మాట చెప్పాలి: ఆమె పుట్టిన తెగ పేరు తెలంగాణ జాబితాలో ఉంది. దాదాపు ఒకే కుదురుకు చెందిన భాష మాట్లాడుతూ, గుర్తింపున్న కోయ ఇంటి కూతురికి తెరుచుకున్న తలుపు పక్క గుంపులోని గొత్తికోయ పిల్లకు మూసి ఉంది.

అయితే చట్టంలోనే ఒక సందు ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను షెడ్యూల్డు తెగలతో పాటు స్త్రీలందరికీ, పిల్లలందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇస్తుంది. కనుక గొత్తికోయ స్త్రీ తెగ పత్రం చూపకుండానే ఉచితంగా వకీలును పొందగలదు. కాని ఆ వకీలుకు ఆమె మాట అర్థం కాదు. కూలి ఎగ్గొట్టిన మేస్త్రి మీద, గుడిసె తొలగించిన సిబ్బంది మీద ఆమె చెప్పే సాక్ష్యం గోండి నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చేతులు మారి న్యాయమూర్తి దగ్గరికి చేరేసరికి సగం అరిగిపోతుంది. ఆ ఇంటి పిల్లే నల్లకోటు వేసుకోవడం వల్ల కలిగే లాభం ప్రధానంగా ఇక్కడే ఉంది. ఈ లోపు బడి చదువు పూర్తిచేసిన అమ్మాయిలు పారాలీగల్ వాలంటీర్లుగా, అంటే న్యాయసేవా సంస్థకూ గూడేనికీ నడుమ పనిచేసే శిక్షణ పొందిన సహాయకులుగా, చేరే వీలు ఉంది. అది వకీలు పనికి ప్రత్యామ్నాయం కాదు, దారిలో తొలి మెట్టు.

గొత్తికోయ అమ్మాయి ఆ దారంతా నడిచి న్యాయ పట్టా చేతపట్టుకున్నా, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. న్యాయవాదుల చట్టం 24వ సెక్షను చెప్పిన రుసుముకు మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ రుసుము సాధారణ వర్గాలకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 125 రూపాయలు. తక్కువ రుసుముకు చూపవలసింది మళ్లీ అదే ధ్రువపత్రం.