కాటన్ కాలువ నుంచి శిశు వార్డు కుళాయి దాకా

1847వ సంవత్సరంలో ధవళేశ్వరం వద్ద కాటన్ దొర గోదావరి ఆనకట్ట పని ప్రారంభించిన సంగతి మన సభ్యులందరికీ విదితమే. అదే ఏడాది వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, పురుడు పోసే ముందు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోవాలని తన వార్డులో కట్టడి చేశాడు. అంతకు ముందటి ఏడాది అక్కడ నూటికి 11 మంది బాలింతలు సూతికా జ్వరంతో చనిపోగా, 1848లో ఆ సంఖ్య ఒకటికి చేరింది.

నీరు తేవడం ఒక ఎత్తు, శుభ్రత కాపాడడం మరొక ఎత్తు. మొదటి పని చేసిన కాటన్ దొరకు మన ప్రాంతంలో ఊరూరా విగ్రహాలున్నాయి. రెండో పని చేసిన వాటర్‌వర్క్స్ ఫిట్టరు, నర్సు, ఆయా మాత్రం పేరు పడకుండానే రిటైరవుతారు.

1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. గోదావరి కాలువ విజ్జేశ్వరం నుంచి తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరి, అటు బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువను కలిసింది. పంటకూ, పడవకూ, పశువుకూ, బిందెకూ ఆ నీరే ఆధారం. ఎగువ ఊరి మురుగే దిగువ ఊరి మంచినీరు అయ్యేది. చాలా ఊళ్ళ మురుగు చివరికి కొల్లేరుకే చేరేది. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ ఒక చెరువు నీటిలోనే కలరా క్రిమిని పట్టుకున్నాక, నీరు చూపుకు తేటగా ఉంటే చాలదని లోకానికి తెలిసింది. వేసవిలో కాలువలు కట్టేసేలోగా చెరువులు నింపుకోవడం, వడబోత, క్లోరిన్ మన పట్టణాలకు అలవాటయ్యాయి.

అయితే కథ ఓవర్‌హెడ్ ట్యాంకుతో ముగియలేదు. నెలలు నిండని బిడ్డలను బ్రతికించే ప్రత్యేక విభాగం జిల్లా స్థాయిలో 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలై, తర్వాత దేశంలోని ఇతర జిల్లాలకూ విస్తరించింది. ఈ బిడ్డల చర్మం పలచన, రోగనిరోధక శక్తి తక్కువ, ఒంటినిండా గొట్టాలు. పెద్దవాళ్ళకు ఏమీ చేయని నీటి క్రిమి వీరికి ప్రాణాంతకం.

2011 డిసెంబరు, 2012 జనవరి నెలల్లో ఉత్తర ఐర్లాండ్ ఆసుపత్రుల్లో సూడోమొనాస్ అనే క్రిమి సోకి నలుగురు పసికందులు మరణించారు. విచారించగా అది శిశు విభాగాల కుళాయిల్లో దొరికింది. ధార తిన్నగా పడేందుకు కుళాయి మూతిలో అమర్చిన చిన్న జల్లెడలాంటి భాగంలో అది జిగురు పొరగా పేరుకుంది. మన ఇళ్ళలో కడగని బిందె లోపల చేతికి తగిలే పాకుడు వంటిదే ఇదీ. ఆ పొర చాటున క్రిమి క్లోరిన్‌కు కూడా సులభంగా లొంగదు. అంతటి ధనిక దేశంలోనూ ప్రమాదం చివరి జానెడు గొట్టంలో దాగింది.

నివారణకు గొప్ప యంత్రాలు అక్కర్లేదు. ట్యాంకులు క్రమం తప్పక కడగాలి. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూడాలి. వాడకం తక్కువైన కుళాయిలను రోజూ కాసేపు వదలాలి. చేతులు కడిగే సింకులో పాలు, మందులు, బిడ్డను తుడిచిన నీళ్ళు పారబోయరాదు. క్రిమికి అదే మేత. బిడ్డ ఊపిరికి తేమనిచ్చే యంత్రాల్లో స్టెరైల్ నీరే పోయాలి. చేతులు కడిగి ఆరాక, ఆల్కహాలు ద్రావణం రాసుకున్న తర్వాతే బిడ్డను తాకాలి. తల్లిపాలు, తల్లి గుండెలకు హత్తుకునే పద్ధతి సహజ రక్షణలు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు అందరి అనుమానం ముందుగా నీటిమీదికే పోయింది. పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం కనిపించింది. ఆ వ్యవహారం క్రిములది కాకపోయినా, నీటిని ప్రశ్నించే అలవాటు మంచిదే. ఆపద వచ్చాక కాదు, రాకముందే ప్రశ్నించాలి.

మనవడో మనవరాలో శిశు వార్డులో ఉంటే తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు గుంపుగా లోపలికి వెళ్ళకూడదు. చేతులు కడగకుండా ముట్టుకోకూడదు. ఇంటికి వచ్చాక ఆరు నెలలు నిండేదాకా డాక్టరు చెప్పిన మందులు తప్ప తల్లిపాలే పట్టాలి. చెంచాడు నీళ్ళు కూడా వద్దు. డాక్టరు సలహాపై ఉగ్గుగిన్నెతో పాలు పట్టవలసివస్తే ప్రతిసారీ దాన్ని మరిగించాలి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ రిజిస్టర్లలో ప్రతి గడీ నింపిన మనకు, ఆసుపత్రి ట్యాంకు ఎప్పుడు కడిగారని మర్యాదగా అడగడం పెద్ద పని కాదు. ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.