రాతకు ముందు కూడిక

సువార్తలను మనం పుస్తకంలో చదువుకుంటున్నాం. తొలి క్రైస్తవుల్లో ఎక్కువమంది వాటిని కూడికలో విన్నారు. ఈ తేడా మరిచిపోతే ఆ మాటల అర్థం సగమే అందుతుంది.

పౌలు కొరింథు సంఘానికి ఉత్తరం రాసింది సుమారు క్రీ.శ. 55లో. మార్కు సువార్త 70 ప్రాంతంలో వచ్చిందని ఎక్కువమంది పండితుల అంచనా. అంటే, రొట్టె విరుస్తూ యేసు చెప్పిన మాటలు సువార్తలకు ఎక్కకముందే భోజనాల దగ్గర నోటి నుంచి నోటికి సాగాయి. కొరింథులో కలిగినవాళ్లు ముందే తినేస్తే లేనివాళ్లు ఆకలితో మిగిలారు. పౌలు దాన్ని గట్టిగా మందలించాడు. ఐదు వేలమందికి రొట్టెలు పంచిన కథ అలాంటి కూడికలో వినే పేదవాడికి తన ఆకలి గురించిన మాటే.

సుమారు 112లో బితూనియ పాలకుడు ప్లినీ రోమా చక్రవర్తికి రాశాడు: వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే చేరి క్రీస్తుకు కీర్తన పాడతారు, తర్వాత మళ్లీ కలిసి భోంచేస్తారు అని. నిజం రాబట్టాలని అతడు ఇద్దరు బానిస స్త్రీలను హింసించాడు. వాళ్లు సంఘంలో పరిచారకులు. వాళ్ల పేర్లు మాత్రం అతడు రాయలేదు.

పాటలనూ పెద్దల మాటలనూ నోటితోనే కాపాడుకున్న ఆదివాసులం మనం. రాత లేకపోతే చరిత్ర లేదనే మాటను ఒప్పుకోం. అందుకే సువార్తను పైకి చదువుదాం. ఆ కూడికలో ఎవరు విన్నారు, ఎవరు తిన్నారు, ఎవరి పేరు రాయలేదు అని అడుగుదాం.